స్టెప్ మార్కులు లేని పరీక్ష

లెక్కల గది: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అక్కా, మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. ఇప్పుడు ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. 2008లో ఇంటర్ ఎంపీసీ అయింది. బీఎస్సీ రెండో ఏడాదిలో పెళ్లి, ఆ వెంటనే అమెరికా, ఇద్దరు పిల్లలు. చదువు అక్కడితో ఆగింది. చిన్నది బడికి వెళ్లడం మొదలుపెట్టాక ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో చేరాను. లెక్కల్లో 1324, 1325 నంబరు కోర్సులు చేశాను, రెండింట్లోనూ ఏ గ్రేడే. ఈ ఆగస్టు నుంచి యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌కి ట్రాన్స్‌ఫర్ సీటు వచ్చింది. తీరా చూస్తే 1325 కాల్‌క్యులస్ కింద చెల్లదట. ఎవరు ఏ లెక్కల క్లాసుకి సరిపోతారో తేల్చే అలెక్స్ ప్లేస్‌మెంట్ పరీక్ష రాసి 80 తెచ్చుకుంటేనే కాల్‌క్యులస్ వన్‌లో కూర్చోనిస్తారట. మొన్న పిల్లలు పడుకున్నాక రాత్రి పదిన్నరకి కూర్చుని రాశాను. 52 వచ్చింది. ఏ పాదంలో సైన్, కాస్, ట్యాన్‌లలో ఏది ధనమో చెప్పే ‘ఆల్ సిల్వర్ టీ కప్స్’ తప్ప త్రికోణమితి ఏమీ గుర్తులేదు. ఇంకా ఆరు వారాల టైముంది. మా ఆయన సాఫ్ట్‌వేర్, లెక్కల్లో దిట్ట. ‘ఇంట్లో రాసేదే కదా, కెమెరా కూడా లేదు, పక్కన నేను కూర్చుంటాలే’ అంటున్నారు. నాకేమో మనసొప్పడం లేదు. అసలు ఈ వయసులో పంతొమ్మిదేళ్ల పిల్లల మధ్య నాకిదంతా అవసరమా అని కూడా అనిపిస్తోంది. నా రఫ్ కాగితం ఫొటో పంపుతున్నాను, చూడండి.
– ఒక చెల్లెలు, ఫ్రిస్కో

జవాబు: చెల్లీ, ముందు ఆ 52 సంగతి తేల్చుకుందాం. 52 అనగానే మనకి ఇంటర్ మెమో గుర్తొచ్చి అత్తెసరు మార్కులనిపిస్తుంది. ఇది ఆ లెక్క కాదు. ఈ పరీక్షలో ప్రశ్నలు 30కి మించవు. దాని కడుపులో మాత్రం 300 పైచిలుకు అంశాలున్నాయి, భిన్నాల కూడిక దగ్గర్నుంచి త్రికోణమితి సమీకరణాల దాకా. నువ్వొక ప్రశ్నకి జవాబిచ్చినప్పుడల్లా ‘ఇది వచ్చిందంటే దీని కిందవీ వచ్చే ఉంటాయి, ఇది రాలేదంటే దీని పైవి ఇంకా రావు’ అని లెక్కేసుకుంటూ పోతుంది. చివరికి ఆ అంశాలన్నిట్లో నీకు ఎన్ని వచ్చని నమ్మిందో, ఆ శాతమే నీ స్కోరు. మన ఊళ్లలో పాతకాలపు లెక్కల మాస్టారు కొత్తగా చేరిన పిల్లాణ్ణి నిలబెట్టి పదమూడో ఎక్కం అడిగేవారు. వాడది గడగడా అప్పజెప్తే ఇక ఐదో ఎక్కం జోలికి పోయేవారు కాదు. తడబడితే తొమ్మిదో దానికి దిగేవారు. అర్వైన్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఈ అలెక్స్‌ని తయారుచేసినవాళ్లు చేసిందీ అలాంటిదే, కాకపోతే దాని వెనక పెద్ద గణిత సిద్ధాంతం ఉంది. ఇప్పుడది మెక్‌గ్రా హిల్ వాళ్ల చేతిలో ఉంది.

సైన్, కాస్‌ల మొహం చూసి ఇన్నేళ్లయ్యాక, అంట్లు తోముకుని వచ్చి కూర్చుని తెచ్చుకున్న 52 అది. పిల్లలకి లెక్కల్లో సాయం చేసే మా మ్యాథ్ ల్యాబ్‌కి మొన్న మేలో హైస్కూల్ అయిపోయిన పిల్లలు 38తో వస్తుంటారు.

ఇక 1325. ఈ దెబ్బ చాలామందికి తగులుతోంది కాబట్టి అందరికీ చెప్తున్నా. టెక్సస్ కమ్యూనిటీ కాలేజీల్లో కోర్సులకి ఉమ్మడి నంబర్లుంటాయి. 1314 కాలేజ్ ఆల్జీబ్రా, 1316 ట్రిగ్నామెట్రీ, 2412 ప్రీకాల్‌క్యులస్, 2413 కాల్‌క్యులస్ వన్. ఇది ఇంజినీరింగ్, సైన్సు వాళ్ల దారి. 1324, 1325 బిజినెస్ వాళ్ల దారి. 1325 పేరులో కాల్‌క్యులస్ ఉంది నిజమే, కానీ అందులో లాభం, ఖర్చు, గిరాకీల మీద డెరివేటివ్‌లు చేయిస్తారు, త్రికోణమితి జోలికి పోరు. అందుకే నీ 52లో లోటు ఎక్కడుందో చూడకుండానే చెప్పగలను. పరీక్ష అయ్యాక రంగురంగుల ముక్కలతో ఒక గుండ్రటి బొమ్మ చూపించి ఉంటుంది. త్రికోణమితి ముక్క ఖాళీగా, లాగరిథమ్‌ల ముక్క సగం ఖాళీగా ఉండి ఉంటాయి. అవునా?

కానీ నన్ను ఆపేసింది ఆ రెండూ కాదు, నీ రఫ్ కాగితంలో మూడో లెక్క. ప్రింటు తీసి రెండు రోజులుగా మా ఫ్రిజ్ మీద అంటించుకున్నాను. పైన 1/ఎక్స్ − 1/3, కింద ఎక్స్ − 3, సూక్ష్మీకరించమన్నాడు. నువ్వు రెండో లైనులో ఆ పైదాన్ని 1/(ఎక్స్ − 3) అని రాసేశావు. అక్కణ్ణుంచి ఒక్క తప్పు లేకుండా, ముత్యాల్లాంటి అంకెలతో, 1/(ఎక్స్ − 3) హోల్ స్క్వేర్ దాకా తెచ్చి కింద రెండు గీతలు కూడా కొట్టావు. ఇప్పుడు ఎక్స్ బదులు 6 పెట్టి చూడు. 1/6లోంచి 1/3 తీస్తే మైనస్ 1/6. దాన్ని కింద ఉన్న 3తో భాగిస్తే మైనస్ 1/18. నీ జవాబులో 6 పెడితే 1/9 వస్తోంది. గుర్తు కూడా కలవలేదు. రెండు భిన్నాలకీ కింద 3ఎక్స్ తెచ్చుకుంటే పైన 3 − ఎక్స్ వస్తుంది. దాన్ని ఎక్స్ − 3తో కొట్టేస్తే మైనస్ 1 మిగులుతుంది. జవాబు మైనస్ 1/(3ఎక్స్). దీన్లో 6 పెట్టు, మైనస్ 1/18 సరిగ్గా వస్తుంది. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటాం కదా. ప్రతి సూక్ష్మీకరణ లెక్కకీ ఆ మెతుకు పట్టుకునే అలవాటు చేసుకో. అరనిమిషం కూడా పట్టదు.

ఈ లెక్క పరీక్ష కోసం పుట్టింది కాదు. కాల్‌క్యులస్ వన్ మొదటి నెలలో ‘1/ఎక్స్‌కి 3 దగ్గర డెరివేటివ్‌ని నిర్వచనం నుంచి కనుక్కో’ అంటారు. లెక్క అక్షరాలా ఇదే, ముందు లిమిట్ అన్న మాట చేరుతుంది, జవాబు మైనస్ 1/9. పంతొమ్మిదేళ్లుగా మ్యాథ్ ల్యాబ్‌లో కూర్చుని చూస్తున్నాను. కాల్‌క్యులస్‌లో పిల్లలు కాల్‌క్యులస్ రాక తప్పడం తక్కువ. ఇదిగో, ఈ రెండో లైను దగ్గర జారుతుంటారు.

మనవాళ్లకి ఇంకో చిక్కుంది. మన కాలం ఇంటర్ పేపర్ 75 మార్కులకి కదా, రెండు మార్కులవి, నాలుగువి, ఏడువి. ఏడు మార్కుల దాంట్లో చివర జవాబు తప్పినా పద్ధతి చూసి నాలుగో ఐదో వేసేవారు. నేనూ తెనాలిలో ఆరేళ్లు ఇంటర్‌కి చెప్పినదాన్నే, వేలకొద్దీ పేపర్లు అలాగే దిద్దాను. ఇక్కడ దిద్దేది కంప్యూటర్. స్టెప్ మార్కులు లేవు. ఏ బీ సీ డీ ఆప్షన్లూ లేవు, కళ్లు మూసుకుని ఒకటి పెట్టేయడానికి. జవాబు నువ్వే టైపు చేయాలి. నీ ఐదో లెక్క చూడు: బేస్ 2కి లాగ్ ఎక్స్, లాగ్ (ఎక్స్ − 2) కలిపితే 3. నువ్వు ఎక్స్ ఇంటు (ఎక్స్ − 2) ఈజ్ ఈక్వల్ టు 8 అని సరిగ్గా తెచ్చి, 4, మైనస్ 2 అని రెండూ రాశావు. రుణసంఖ్యకి లాగ్ ఉండదు కాబట్టి మైనస్ 2 పోవాలి. ఇంటర్‌లో ఒక్క మార్కు పోయేది. అలెక్స్‌లో లెక్క మొత్తం పోయింది. అంతటితో ఆగదు, ‘ఈమెకి లాగ్ సమీకరణాలు రావు’ అనుకుని దాని పైవన్నీ కూడా రావని తీర్మానించేస్తుంది. అందుకే వచ్చిన లెక్కల్లో పరాకు తప్పులు చేయడం రాని లెక్కలు వదిలేయడం కన్నా ఎక్కువ ఖరీదు. నిజంగా రానివాటికి ‘ఇది ఇంకా నేర్చుకోలేదు’ అన్న బటన్ ఉంటుంది, మొహమాటపడకుండా నొక్కు.

మీ ఆయన సంగతికి వస్తా. మరిదిగారి మీద నాకేం కోపం లేదు, పెళ్లాం కష్టపడుతుంటే చూడలేక అన్న మాట అది. కానీ పైన చెప్పిన పద్ధతి ప్రకారం ఆలోచించు. ఆయన ఒక్క కష్టమైన లెక్క చెప్తే, పరీక్ష నీకు ఆ కిందివన్నీ వచ్చనుకుని ఇంకా కష్టమైనది ఇస్తుంది. అది కూడా ఆయనే చెప్పాలి. అలా పది లెక్కలయ్యేసరికి వచ్చే స్కోరు ఆయనది. సెప్టెంబర్‌లో క్లాసులో కూర్చునేది నువ్వు. మా ల్యాబ్‌కి నాలుగేళ్ల కింద మన పిల్లాడే ఒకడు వచ్చాడు, స్కోరు 88. ‘భలే’ అనుకున్నాను. ఆరో వారంలో సైన్ 2ఎక్స్ అంటే 2 సైన్ ఎక్స్ అని తప్పుగా రాసి చూపించాడు. అప్పుడు చెప్పాడు, పరీక్ష రాసింది వాళ్లన్నయ్యని. మిడ్‌టర్మ్ అయ్యాక డ్రాప్ చేశాడు. డబ్బు పోయింది, ట్రాన్‌స్క్రిప్ట్‌లో డబ్ల్యూ, అంటే మధ్యలో మానేశాడన్న గుర్తు, పడింది. టెక్సస్ ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీ మొత్తానికి ఆరు డ్రాపులకి మించి ఒప్పుకోరన్న చట్టం ఒకటుంది, అందులో ఒకటి ఇలా ఖర్చయింది. పైగా ఇంకొకరి సాయంతో రాయడం యూనివర్సిటీ నియమాల ప్రకారం నేరమే. పట్టుబడితే ఆ మరక సీటు దాకా వెళ్తుంది. నీ మనసొప్పలేదన్నావు చూడు, ఆ మాటే వినుకో. మరిదిగారిని పొద్దున్నే పిల్లలకి టిఫిన్ బాక్సులు కట్టమను. నీకు ఇప్పుడు కావాల్సిన సాయం అది.

ఎందుకంటే రాత్రి పదిన్నర నీ లెక్కల టైము కాదు. పొద్దున ఐదింటికి లేచి గంటసేపు, వారానికి ఆరు రోజులు. ఫోన్‌లో వీడియో చూస్తూ ‘ఆఁ, తెలిసిందే’ అని తలూపడం చదువు కాదు. కాగితం, పెన్సిల్ పెట్టుకో. మొదటి పరీక్ష అయ్యాక అలెక్స్ నీకు సాధన చేసుకునే మాడ్యూల్ తెరిచి ఉంటుంది. చాలా యూనివర్సిటీలు దాంట్లో కొన్ని గంటలు గడిపితే గానీ రెండోసారి రాయనివ్వవు, రెండు పరీక్షల మధ్య 48 గంటల ఎడమూ ఉండాలంటాయి. మొత్తం ఐదుసార్ల దాకా అవకాశమిచ్చే చోట్లు ఎక్కువ. నీ దాంట్లో ఎన్నిసార్లో, చివరిది కెమెరా ముందు రాయాలేమో ఈ వారమే అడుగు. ఆ గంటలేవో నింపడానికి మాడ్యూల్ తెరిచి పక్కన కూరలు తరుక్కోకు. అది నీ లోటుల్ని చూసి తయారుచేసిన పాఠం, ఇంతకన్నా మంచి ట్యూషన్ డబ్బులిచ్చినా దొరకదు.

మొదటి రెండు వారాలు త్రికోణమితి ముట్టుకోకు. భిన్నాలు, ఘాతాలు, కరణులు, కారణాంకాలు, అంతే. నీకు విసుగొస్తుంది, ‘ఇది మా పెద్దాడి హోంవర్కు’ అనిపిస్తుంది. అయినా చెయ్యి. కాలిక్యులేటర్ తీసి సొరుగులో పెట్టు. పరీక్షలో దానికి నచ్చిన లెక్కలకే తెర మీద కాలిక్యులేటర్ చూపిస్తుంది, నీ చేతిలో ఉన్న టీఐ-84 పనికిరాదు. ఇంటర్‌లో కాలిక్యులేటర్ లేకుండానే చేశాం కదా, ఆ చెయ్యి ఇంకా ఉంది, కొంచెం తుప్పు పట్టిందంతే. మూడో వారం ఫంక్షన్లు, గ్రాఫులు, లాగ్‌లు.

నాలుగు, ఐదు వారాలు త్రికోణమితికి. ‘ఆల్ సిల్వర్ టీ కప్స్’ గుర్తుంది కదా, సగం ఇల్లు కట్టినట్టే. ఒక తెల్ల కాగితం మీద స్టీలు గ్లాసు బోర్లించి వృత్తం గీసుకో, వ్యాసార్ధం 1 అనుకో. 30, 45, 60 డిగ్రీల దగ్గర బిందువులు పెట్టు. అడ్డంగా ఎంత దూరముందో అది కాస్, నిలువుగా ఎంతుందో అది సైన్. మిగతా మూడు పాదాలూ అద్దంలో బొమ్మలే, గుర్తు మాత్రం టీ కప్పులు చెప్తాయి. 5పై/6 అని అడిగితే భయపడకు. పై అంటే 180, అందులో ఆరింట ఐదు వంతులు 150. రెండో పాదం, సిల్వర్, అంటే సైన్ ఒక్కటే ధనం. సైన్ సగం, కాస్ మైనస్ రూట్ 3 బై 2. ఇలా నాలుగు పాదాల్లో పన్నెండు, అక్షాల మీద నాలుగు, మొత్తం పదహారు బిందువులు. బట్టీ పట్టకు, రోజూ పొద్దున కూర్చోగానే కొత్త కాగితం మీద మొత్తం ఒకసారి గీయి. పది రోజులయ్యేసరికి చెయ్యే గీసుకుపోతుంది. మనం ఇంటర్‌లో ట్రాన్స్‌ఫర్మేషన్స్‌లో పేజీలకి పేజీలు నిరూపణలు చేశాం గానీ ఈ వృత్తం మీద నిలకడగా ఎవరూ కూర్చోబెట్టలేదు. నేను చెప్పిన పిల్లల్ని నేనూ కూర్చోబెట్టలేదు, అది నా తప్పే.

మూడో వారం చివర ఒకసారి రాయి, ఐదో వారం చివర ఇంకోసారి. ఆదివారం పొద్దున్నే, పిల్లల్ని వాళ్ల నాన్నతో పార్కుకి పంపి. చాలా చోట్ల అన్నిట్లోకీ ఎక్కువ స్కోరునే తీసుకుంటారు కాబట్టి తగ్గుతుందన్న బెంగ అక్కర్లేదు.

ఇంతా చేసి 70 దగ్గర ఆగిపోతే? అప్పుడు ప్రీకాల్‌క్యులస్ తీసుకో. నీ పాత కమ్యూనిటీ కాలేజీలోనే 2412 చేస్తే ఫీజు తక్కువ, ముందు యూనివర్సిటీ అడ్వైజర్‌తో ఈమెయిల్‌లో ఒప్పించుకుని చెయ్యి. నోటిమాట నమ్ముకోవద్దు. ఒక సెమిస్టర్ వెనక పడతావు, అది నిజం. కంప్యూటర్ సైన్స్‌లో కాల్‌క్యులస్ వన్ తర్వాతే టూ, ఆ పైన మరికొన్ని, గొలుసులా ఉంటాయి. అయినా 72తో బతిమాలి కాల్‌క్యులస్‌లో దూరి సి మైనస్ తెచ్చుకునే కన్నా ప్రీకాల్‌క్యులస్ చేసి వెళ్లడమే నా లెక్కలో లాభం. 80 రావాలని నీకు పట్టుదల ఉంటే ఉండనీ, రాకపోతే మాత్రం ఇంట్లో శోకాలు పెట్టొద్దు.

పంతొమ్మిదేళ్ల పిల్లల గురించి అడిగావు. 2001లో నేనిక్కడికి వచ్చి ఇలాంటి పరీక్షే రాశాను. ఆరేళ్లు ఇంటర్‌కి పాఠాలు చెప్పొచ్చిన మాస్టారమ్మని, గర్వంగా కూర్చున్నా. ‘రెండున్నర గ్యాలన్ల పాలు, ఎన్ని క్వార్ట్‌లు?’ అని అడిగాడు. క్వార్ట్ అంటే ఏంటో నాకు తెలియదు. గ్యాలన్‌కి నాలుగని పక్క కుర్చీలో ఉన్న పిల్లాడికి తెలుసు, వాడికి క్వాడ్రాటిక్ ఫార్ములా తెలియదు. బయటికొచ్చాక ఇద్దరం వెండింగ్ మెషీన్ దగ్గర నిలబడి ఒకరికొకరం చెప్పుకున్నాం. ఆ సెమిస్టరంతా వాడు నా పక్కనే కూర్చున్నాడు. నీకూ ఎవరో ఒకరు దొరుకుతారు, నోట్స్ బాగా రాసే వాళ్ల కోసం ఆ పిల్లలే వెతుక్కుంటూ వస్తారు. నీ దస్తూరి చూశాను కదా.

ప్రశ్న: మేడమ్, నేను కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ రెండో ఏడాది. ఇక్కడ చేరేటప్పుడు ప్లేస్‌మెంట్ పరీక్షే పెట్టలేదు. ఇప్పుడు యూసీకి, అంటే కాలిఫోర్నియా యూనివర్సిటీకి, ట్రాన్స్‌ఫర్ అయితే అక్కడ పెడతారా?
– శాన్ హోసే నుంచి ఒక విద్యార్థి

జవాబు: బాబూ, మీ రాష్ట్రంలో 2017లో ఏబీ 705 అని చట్టం వచ్చింది. దాంతో కమ్యూనిటీ కాలేజీలు పరీక్షలు మానేసి హైస్కూల్ గ్రేడులు చూసే క్లాసులో వేస్తున్నాయి. యూసీ సంగతి తెలియాలంటే అసిస్ట్ వెబ్‌సైట్ తెరిచి, నీ కాలేజీ, వెళ్లబోయే క్యాంపస్, మేజర్ మూడూ ఎంచుకో. నువ్వు చేసిన కాల్‌క్యులస్‌కి ఎదురుగా వాళ్ల కోర్సు పేరు కనిపిస్తే మామూలుగా మళ్లీ పరీక్ష అక్కర్లేదు. ‘నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్’ అని ఉంటే మాత్రం ఇవాళే కౌన్సెలర్ దగ్గరికి పరిగెత్తు. పై చెల్లెమ్మకి జరిగింది నీకూ జరగకూడదు.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి హైదరాబాద్‌లో బీటెక్ రెండో ఏడాది. అమెరికాలో ఉన్న మా తమ్ముడి దగ్గరికి పంపి అక్కడి యూనివర్సిటీకి మార్పిద్దామనుకుంటున్నాం. ఎంసెట్‌లో (ఇప్పటి పేరు ఈఏపీసెట్) మంచి ర్యాంకే. ఆ ర్యాంకు చూపిస్తే లెక్కల పరీక్ష తప్పుతుందా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: తప్పదండీ. ఎంసెట్ ర్యాంకు అక్కడ ఎవరికీ పట్టదు, అడగరు కూడా. తప్పించగలిగితే మీవాడు బీటెక్‌లో పాసైన ఎం-1, ఎం-2 లెక్కల పేపర్లు తప్పించాలి. ఒక్కో కోర్సుకీ విడిగా క్రెడిట్లు లెక్కగట్టే మూల్యాంకనం చేయించండి. అందులో ‘ఇంజినీరింగ్ మ్యాథమెటిక్స్’ అని ఉంటే అది కాల్‌క్యులసో, మాత్రికలో, డిఫరెన్షియల్ ఈక్వేషన్లో వాళ్లకి అర్థం కాదు. ఎం-1లో సాధారణంగా మాత్రికలూ కాల్‌క్యులసూ కలిపి ఉంటాయి, అమెరికాలో అవి వేర్వేరు కోర్సులు. అందుకని యూనిట్ల వారీ సిలబస్ కావాలంటారు. మీవాడు ఇంకా కాలేజీలో ఉండగానే ప్రతి సెమిస్టర్ సిలబస్ కాపీ మీద ప్రిన్సిపల్ సంతకం, స్టాంపు వేయించి నాలుగు సెట్లు దగ్గర పెట్టుకోండి. ఊరు దాటాక ఆ స్టాంపు కోసం మీరు కాలేజీ ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.